ఒక ఉత్తరం వేసిన బాట

మన సంఘ సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. చికాగో వైపు వెళ్ళివచ్చినవారు అరోరాలోని బాలాజీ మందిరం చూసే ఉంటారు. ఆ అరోరా నుండి చికాగో దిక్కుగా ఒక నడకబాట ఉన్నది. పేరు ఇల్లినాయిస్ ప్రెయిరీ పాత్. ప్రెయిరీ అంటే గడ్డిమైదానం. మా అబ్బాయి ఇంట ఉన్న రోజుల్లో నా ఉదయపు నడక ఆ బాట మీదనే సాగేది. దాని చరిత్ర మనబోటి విశ్రాంత ఉద్యోగులు తెలుసుకోదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అది ఒకప్పుడు రైలు దారి. చికాగో, అరోరా అండ్ ఎల్గిన్ అనే కంపెనీ 1902 నుండి అక్కడ ఎలక్ట్రిక్ రైళ్ళు నడిపింది. 1953లో చికాగోలో కొత్త రహదారి పనుల వలన రైళ్ళు నగరంలోనికి పోలేక ఫారెస్ట్ పార్క్ వద్దనే ఆగవలసి వచ్చింది. ప్రయాణికులు తగ్గారు. 1957 జూలై 3న మిట్టమధ్యాహ్నం సర్వీసు నిలిపివేశారు. పొద్దున రైలెక్కి ఆఫీసులకు వెళ్ళినవారికి సాయంత్రం తిరుగు రైలు లేదు! 1961 నాటికి దారిని పూర్తిగా వదిలివేశారు. మిగిలింది ఊళ్ళ నడుమ సన్నని ఖాళీ నేల.

ఖాళీ నేల మీద ఎందరి కళ్ళు పడతాయో మనకు తెలియనిది కాదు. పొలం ముక్కలైనా పొలమే. బాట మాత్రం నడుమ ఒక్కచోట తెగితే ఇక బాట కాదు.

అటువంటి సమయంలో 1963 సెప్టెంబరు 30న చికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. వ్రాసినవారు శ్రీమతి మే థీల్‌గార్డ్ వాట్స్. మోర్టన్ వృక్షవనంలో ప్రకృతి శాస్త్రజ్ఞురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. అప్పటికి ఆమె వయస్సు 70. ఇంగ్లాండులోని కాలిబాటలు చూసి వచ్చిన ఆమె, ఈ నేలను అందరికీ నడకదారిగా ఉంచాలని, ఆలస్యమైతే బుల్డోజర్ల పాలవుతుందని హెచ్చరించారు.

ఉత్తరంతో ఆమె ఊరుకోలేదు. స్నేహితులను కూడగట్టి ఊరూరా సభలలో మాట్లాడారు. 1965లో సంస్థ రిజిస్టరయింది. మన జిల్లా పరిషత్తు వంటిది అక్కడ కౌంటీ. డూపేజ్ కౌంటీ 1966లో 27 మైళ్ళ దారిని ఆ సంస్థకు 12 ఏళ్ళ లీజుకిచ్చింది. అప్పుడు వాలంటీర్లు చెత్త ఎత్తారు, తుప్పలు కొట్టారు, చెట్లు నాటారు. 1971లో జాతీయ వినోద బాటగా గుర్తింపు వచ్చింది. 1975లో ఆమె కన్నుమూశారు.

నేడు అది కొమ్మలతో కలిపి సుమారు 61 మైళ్ళు. పార్కులను, అడవులను, ఊళ్ళను కలుపుతున్నది. నడిచేవారు, సైకిలు తొక్కేవారు, కొన్నిచోట్ల గుర్రపు స్వారీవారు కూడ వాడుకుంటున్నారు. వదిలేసిన రైలు దారులను బాటలుగా మలచడంలో అమెరికా అంతటికీ దారి చూపిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

మిత్రులారా! అర్జీ వ్రాయడం, ఫైలు వెంట తిరగడం, కాగితం మీద హక్కు పదిలపరచడం మన చేతికి బాగా అలవాటైన పనులు. మన ఊళ్ళలోని చెరువుకట్టలు, కాలువగట్లు తెగిపోకముందే ఆ అలవాటును మరొకసారి వాడుకోవచ్చునేమో సభ్యులు ఆలోచించ ప్రార్థన.