ఇసుకలో దిద్దిన చదువు

1882లో అనంతపురం జిల్లా ఏర్పడే దాకా మన తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఈ సంగతి ఇప్పుడెందుకంటే, 1823 ఆగస్టు 17న అప్పటి బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో మన ముత్తాతల తాతలు ఎలాంటి బడిలో, ఏ తీరున అక్షరాలు నేర్చుకున్నారో వివరంగా ఉంది.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం అడిగింది. మన బడి యాభై ఏళ్ళ చరిత్ర చెప్పడానికి నాకంటే ముందు బ్యాచ్‌ల అన్నలు, అక్కలు, మన మాస్టార్లు ఉన్నారు. అందుకే బడి పుట్టకముందు సంగతి ఎత్తుకున్నాను. నేను మెకానికల్ ఇంజనీరుని, చరిత్రకారుణ్ణి కాను. కానీ ముప్ఫై ఏళ్ళుగా కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పని నేర్పించడమే నా ఉద్యోగంలో సగం కావడంతో, మనిషికి ఒక విద్య ఎలా పట్టుబడుతుందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆనాటి కలెక్టర్ల నివేదికలను ధరంపాల్ గారు సేకరించి 1983లో వెలువరించిన పుస్తకం చేతికొచ్చినప్పుడు ముందుగా తిరగేసింది బళ్ళారి పేజీలనే.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. మన సీమ జిల్లాలకు ఒకప్పుడు కలెక్టరుగా చేసిన థామస్ మన్రో 1822 నాటికి మద్రాసు గవర్నరు. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు తేలాయి. బళ్ళారి వాటా 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పార్శీ, తమిళం, బ్రాహ్మణ పిల్లలకు సంస్కృతం చెప్పేవి. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. మిగతా కలెక్టర్లు చాలామంది అంకెలు నింపి ఊరుకుంటే, కాంప్‌బెల్ లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి కాబట్టి చూసినదేమిటో తెలిసే రాశాడని నా నమ్మకం.

ఆయన రాసినదాని ప్రకారం, బడిలో చేరిన పిల్లవాడి మొదటి పని అక్షరాన్ని పలకడం కాదు, వేలితో ఇసుకలో రాయడం. యూరపులో ముందు అక్షరమాల పలికిస్తారనీ, ఇక్కడ అలా కాదనీ ప్రత్యేకంగా చెప్పాడు. ఇసుకలో వేలు తిరిగాకే తాటాకు మీద గంటం, కాగితం మీద కలం. మన ప్రాంతంలో ఎక్కువగా వాడినవి మాత్రం వేరే రెండు. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్క పలక. నున్నగా చిత్రిక పట్టి, అన్నం, బొగ్గుపొడి కలిపి పూసేవారు. రెండోది గంజి పెట్టి బిగుసుగా చేసిన గుడ్డను పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగురు పట్టించిన కడితం. దేనిమీద రాసినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. రాసే వస్తువు పేరు అచ్చులో 'బుల్తప' అని ఉంది. తెల్లగా, సుద్దముక్క కంటే కాస్త గట్టిగా ఉంటుందట. అది మన బలపమే అని మీకు వేరే చెప్పాలా!

బడిలో సాధారణంగా నాలుగు తరగతులు. కింది తరగతుల్ని కొంతవరకు పెద్దపిల్లలు చూసుకునేవారు. పై తరగతిని పంతులు నేరుగా చూస్తూ, ఒక కన్ను బడి మొత్తం మీద వేసి ఉంచేవాడు. ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి వెళ్ళడం ఏడాది తిరిగితే కాదు, పని వస్తేనే. పొద్దున అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు, ఒక్కొక్కటి పెంచుకుంటూ. ఇరవయ్యోవాడి గతి ఊహించుకోండి.

ఇక్కడ మన భాషలోని ఒక మాట దగ్గర ఆగుతాను. పిల్లవాడు ఓనమాలు దిద్దుతాడు, అంటే పెట్టిన ఒరవడి మీదే మళ్ళీ మళ్ళీ వేలు పోనిస్తాడు. పంతులు తప్పులు దిద్దుతాడు, అంటే సరిచేస్తాడు. రెంటికీ ఒకే క్రియ. చూసి చేయడం, చేసిందే చేయడం, సరిదిద్దించుకోవడం అని ఈనాటి శిక్షణ తరగతుల్లో మూడు స్లైడ్లుగా చూపించేదంతా ఆ ఒక్క మాటలో ముడిపడి ఉంది. ఆ మాటను వాడినవాళ్ళు ఈ మూడింటినీ విడివిడి పనులుగా చూడలేదనుకుంటాను.

ఇసుక పేదరికం వల్ల వచ్చిన ఉపకరణమే, అనుమానం లేదు. అయినా దానిలో ఒక గుణం ఉంది. తప్పు రాస్తే ఖర్చు లేదు, భయం లేదు, ఆనవాలు లేదు. అరచేత్తో చదును చేస్తే మళ్ళీ మొదలు. ఎన్నిసార్లు తప్పితే అన్నిసార్లు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు.

కాంప్‌బెల్ కంటే సరిగ్గా రెండు వందల ఏళ్ళ ముందు, 1623లో, పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు గోవా వైపు నుంచి ఇక్కేరికి పోతూ, సామాను సర్దేదాకా ఒక గుడి అరుగు మీద కూర్చున్నాడు. అక్కడ నలుగురు పిల్లలు సన్నటి ఇసుక పరుచుకుని లెక్కలు నేర్చుకుంటున్నారు. ఒకడు రాగయుక్తంగా అంకె చెబుతూ వేలితో రాస్తాడు, మిగతావాళ్ళూ అలాగే చెప్పి రాస్తారు. నేల నిండితే చెరిపేసి కొత్త ఇసుక చల్లుకుంటారు. గురువు లేడు. మరిచిపోతే, తప్పు చెబితే ఎవరు దిద్దుతారని అడిగాడాయన. మేమే ఒకరికొకరం దిద్దుకుంటాం, నలుగురం ఒకేసారి ఒకేచోట మరిచిపోవడం కుదరదుగా అన్నారు పిల్లలు. ఇంజనీర్లం మేము దీన్నే రిడండెన్సీ అని పేరుపెట్టి, పవర్ ప్లాంటులో ఒకే ఉష్ణోగ్రతను మూడు సెన్సార్లతో కొలిపిస్తాం. ఒకటి తప్పినా మిగతా రెండూ పట్టిస్తాయి.

ఈ బడి ఇంగ్లండు దాకా ఎలా వెళ్ళిందో చూడండి. ఆండ్రూ బెల్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన మతాచార్యుడు. 1787లో మద్రాసు వచ్చి, 1789లో ఎగ్మోర్‌లోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాటి ఉదయం గుర్రం మీద పోతూ, వీధిబడి పిల్లలు ఇసుకలో వేళ్ళతో అక్షరాలు రాయడం చూశాడు. వాళ్ళు తమిళ పిల్లలే అయి ఉంటారు. ఆ కాలపు మద్రాసు ఇంగ్లీషులో 'మలబారు' అంటే తమిళమే. తిరిగివచ్చి, కింది తరగతికి అలాగే నేర్పమని తన కింది ఉపాధ్యాయుడికి చెప్పాడు. ఆయన కుదరదన్నాడు. బెల్ ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అప్పగించాడు. ఫ్రిస్కెన్ చేసి చూపించాడు! పెద్దవాడు కుదరదన్న పని చిన్నవాడికి ఎందుకు కుదిరిందంటే, తనకు ఆ అక్షరం రాకపోవడం ఎలా ఉండేదో వాడింకా మరిచిపోలేదు కాబట్టి అని నా అభిప్రాయం.

బెల్ 1796లో వెళ్ళిపోయి, మరుసటి ఏడాది లండన్‌లో తన ప్రయోగం గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అని పేరు. ఇసుక సంగతి ఇక్కడ చూసిందేనని ఒప్పుకున్నాడు గానీ, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం మాత్రం తన కల్పనేనన్నాడు. బళ్ళారి కలెక్టరు అభిప్రాయం వేరు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెబుతూ తమ చదువును కూడా గట్టిపరచుకునే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం న్యాయమేననీ రాశాడు. బెల్ ఆస్తితో ఆయన సొంత ఊళ్ళో వెలసిన ఉన్నత పాఠశాల పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజీయే.

లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ అనే యువకుడు 1798లో ఇలాంటి బడే పెట్టాడు. ఎవరు ముందన్న తగువు ఇద్దరి మధ్య చాలాకాలం నడిచింది, దాన్ని వదిలేద్దాం. అసలు సంగతి ఏమిటంటే, లాంకాస్టర్ చేతిలో బడి ఫ్యాక్టరీ అయింది. ఒక పెద్ద హాలు, వందల పిల్లలు, ఒకే మాస్టరు. మధ్యలో మానిటర్ల దొంతర. గోడకు పాఠాల అట్టలు, వాటి ముందు అర్ధచంద్రాకారంగా నిలబడ్డ పిల్లలు. ఇసుక బల్లలు అక్కడా పెట్టారు. తప్పుచేసినవాడి మెడకు కొయ్య దుంగ కట్టడం, బుట్టలో పెట్టి పైకప్పుకు వేలాడదీయడం లాంటి శిక్షలూ ఉండేవి. మన బెత్తమే నయం. ఖర్చు చాలా తక్కువ కావడంతో పద్ధతి దావానలంలా పాకింది. న్యూయార్కులో ఉచిత బడి సంఘం 1806లో తెరిచిన మొదటి బడి ఈ తరహాదే.

అది నిలవలేదు. మన బడుల్లో పంతులు ఒక కన్ను బడి మొత్తం మీద వేసి ఉంచేవాడని చెప్పాను కదా. వందల పిల్లల హాల్లో ఆ కన్ను లేదు. మానిటరుకు వచ్చినదానికన్నా పిల్లవాడికి ఎక్కువ రాదు, మానిటరు తప్పు చెబితే పట్టుకునేవాడు లేడు. చివరికి 1846లో ఇంగ్లండు ప్రభుత్వం దారి మార్చింది. పదమూడేళ్ళు దాటిన పిల్లల్ని ఎంచి, జీతమిచ్చి, ఐదేళ్ళు హెడ్మాస్టరు దగ్గరే పని నేర్చుకునే ఏర్పాటు చేసింది. పిల్లలే చెప్పడం అలాగే ఉంది, కానీ చెప్పేవాడిని కూడా దిద్దే మనిషి వచ్చాడు.

మన బడుల్ని ఆకాశానికెత్తేద్దామనుకునే మిత్రులకు కాంప్‌బెల్ నివేదికలోని రెండో సగం కూడా చదవమంటాను. మొత్తం 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మంది. తొమ్మిది లక్షలకు పైబడిన జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే బడిలో ఉన్నారు. జనం చితికిపోయి, పిల్లల్ని బడికి పంపలేక పనుల్లో పెడుతున్నారని కలెక్టరే ఒప్పుకున్నాడు. చదువు లోపాన్నీ దాచలేదు. పిల్లలు పద్యాలు లెక్కలేనన్ని అప్పజెబుతారు, కానీ అది మాట్లాడే భాష కాదు, అర్థం చెప్పగల పంతుళ్ళు అరుదు, కాబట్టి చిలక పలుకులే అన్నాడు. గుడి అరుగు మీది నలుగురు పిల్లల కిటుకు ఇక్కడ పనిచేయదు. నలుగురిలో ఒకరు మరిచిపోతే ముగ్గురు దిద్దుతారు. నలుగురికీ అర్థం తెలియకపోతే ఎవరు దిద్దాలి?

మా ఫ్యాబ్రికేషన్ షాపులో ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడికి బాయిలర్ ట్యూబు అప్పగించం. స్క్రాప్ ప్లేటు ఇస్తాం. అది మా ఇసుక. చేయి తిరిగిన వెల్డరు పక్కన నిలబడి ఒక బీడ్ వేసి చూపిస్తాడు. అది ఒరవడి. ఎలక్ట్రోడ్ ఎంత వంచాలి, ఆర్క్ ఎంత పొట్టిగా పట్టాలి, చెయ్యి ఎంత వేగంగా నడవాలి అనేవి మాటలతో రావు. ఆర్క్ కుదిరితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు చెవికి అలవాటవ్వాలి. తర్వాత రెండు ప్లేట్లు అతికించమని, అతుకు మీదుగా ఒక పట్టీ కోసి వంచుతాం. లోపల సరిగా కరగని చోట పగులు నోరు తెరుస్తుంది. పైకి వెండి గొలుసులా ముచ్చటగా ఉన్న అతుకే చాలాసార్లు అక్కడ దొరికిపోతుంది. ఆ పగులును కుర్రాడు తన కళ్ళతో, చెయ్యి ఇంకా వేడిగా ఉండగానే చూడాలి. ఒకచోట ఎక్స్‌రే ఫిల్ములు బయటికి పంపితే ఫలితం రెండు వారాలకు వచ్చేది. ఆ రెండు వారాలూ కుర్రాళ్ళు బాగా సాధన చేశారు, తప్పునే సాధన చేశారు. దాన్ని వదిలించడానికి మొదటి నుంచి నేర్పడం కంటే ఎక్కువ రోజులు పట్టింది.

ఇదంతా మన సంఘానికి ఎందుకంటే, స్వర్ణోత్సవ నిధి ఖర్చు మీద సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాబోతోంది. ప్రతి తరగతికీ డిజిటల్ బోర్డు పెట్టాలన్న ప్రతిపాదన ముందుంది. నేను దానికి వ్యతిరేకిని కాను. బోర్డు ఒరవడి చక్కగా చూపిస్తుంది. పిల్లవాడు దిద్దింది మాత్రం చూడదు. ఆరో తరగతిలో చేరేవాళ్ళలో కొందరు ఒక పేజీ తెలుగు తడుముకోకుండా చదవలేకపోతున్నారని మన మాస్టార్లే చెబుతున్నారు.

కాబట్టి నిధిలో ఐదో వంతు ఇంకో పనికి పక్కన పెట్టమని లిఖితపూర్వకంగా అడిగాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కొక్కరి దగ్గర ఆరో తరగతి వాళ్ళు ముగ్గురు, వారానికి మూడు సాయంత్రాలు, నలభై నిమిషాలు. పైకి చదవాలి, చదివినదాన్ని పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి, నాలుగు వాక్యాలు పలక మీద రాయాలి. పలకే ఎందుకంటే తుడిచేయవచ్చు కాబట్టి. ప్రతి ఆరుగురు పెద్దపిల్లలకూ రిటైరైన ఒక మాస్టారు. ఆయన చిన్నవాళ్ళకు పాఠం చెప్పరు, చెప్పేవాళ్ళు ఎలా చెబుతున్నారో గమనించి, ఆ సాయంత్రమే వాళ్ళను దిద్దుతారు. మాస్టార్లకు గౌరవ వేతనం, పలకలు, బలపాలు, పిల్లలకు చిరుతిండి, ఇంతే ఖర్చు.

ముప్ఫై ఆరుమంది పెద్దపిల్లలతో జూన్‌లో మొదలుపెట్టవచ్చని హెడ్మాస్టరు గారు అన్నారు. ఊళ్ళో ఉన్న రిటైర్డు మాస్టార్లలో నలుగురు వస్తామన్నారు. ఇంకా ఇద్దరు కావాలి.