గోదావరి డెల్టాలో వృద్ధాప్య సంరక్షణ: మనోవర్తి నుంచి బీమా దాకా

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- గోదావరి డెల్టా కుటుంబాలు ముసలితనానికి ఏయే కాలాల్లో ఏయే ఏర్పాట్లు చేసుకున్నాయో వివరించగలుగుతారు.
- ఆస్తి చట్టాలు, బీమా సంస్థలు, ప్రభుత్వ పింఛన్లు ఈ ఏర్పాట్లను ఎలా మార్చాయో చెప్పగలుగుతారు.
- దీర్ఘకాలిక సంరక్షణ బీమా తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

"కాలూ చేయీ ఆడినంత కాలం పరవాలేదు, మంచాన పడితే ఎవరు చూస్తారు?" ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. దీర్ఘకాలిక సంరక్షణ అన్న పదబంధం కొత్తది గాని, దాని వెనుక ఉన్న భయం పాతది. జబ్బు నయం చేసే వైద్యం వేరు, ఈ సంరక్షణ వేరు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మరుగుదొడ్డికి నడిపించడం, మతిమరుపు వచ్చిన మనిషిని కనిపెట్టుకుని ఉండటం, ఇవన్నీ ఏళ్ళ తరబడి చేయవలసిన పనులు. వీటికయ్యే ఖర్చు కోసం ముందునుంచే ప్రీమియం కట్టుకుంటూ రావడమే దీర్ఘకాలిక సంరక్షణ బీమా.

పాఠమంతటా రెండు ప్రశ్నలను విడివిడిగా గుర్తుంచుకోండి. డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పని చేసే చేతులు ఎవరివి? గత నూట డెబ్బై ఏళ్ళలో డెల్టా ప్రజలు చేసుకున్న ప్రతి ఏర్పాటూ మొదటి ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెప్పింది. రెండో ప్రశ్నను దాదాపు ప్రతిసారీ ఇంటి ఆడవాళ్ళకు వదిలేసింది.

2. భూమే పింఛను

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ నీటితో వరి పండే భూమికి విలువ పెరిగింది. భూమి ఉన్న కుటుంబానికి అదే పొదుపు, అదే పింఛను. కొడుకులు విడిపోయేటప్పుడు తల్లిదండ్రులు కొంత భూమిని తమ పేర అట్టిపెట్టుకునేవారు. దాన్ని కౌలుకిచ్చి, వచ్చిన ధాన్యంతో బతికేవారు. భూమి అంతా పంచేసిన చోట వంతులు ఏర్పడ్డాయి: కొన్ని నెలలు పెద్దకొడుకు ఇంట, కొన్ని నెలలు చిన్నకొడుకు ఇంట. ఈ పద్ధతి నేటికీ చాలా ఊళ్ళలో ఉంది.

ఈ ఏర్పాటులో అందరి స్థానం ఒకటి కాదు. ఇక్కడ అమలైన మితాక్షర న్యాయం ప్రకారం కొడుకులకు పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఉండేది. భర్త పోయిన స్త్రీకి మాత్రం మనోవర్తి, అంటే తిండికీ బట్టకూ సరిపడే భరణం పొందే హక్కు మిగిలేది. 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు కొడుకుతో సమానమైన వాటా ఇచ్చింది. అయితే ఆ వాటాను బతికినంత కాలం అనుభవించవచ్చు గాని ఆమె ఇష్టం వచ్చినట్లు అమ్మలేదు. పైగా ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. భూమే ప్రధాన ఆస్తి అయిన డెల్టాలో దీని అర్థం ఏమిటో మీరే ఊహించండి. 1947లో మద్రాసు రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసి వ్యవసాయ భూమికి దాన్ని విస్తరించింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం పరిమిత హక్కును పూర్తి హక్కుగా మార్చింది. మనోవర్తి కోసం జీవితకాల హక్కుతో ఇచ్చిన ఆస్తి కూడా స్త్రీకి సంపూర్ణంగా చెందుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఈ కేసును నేటికీ దేశమంతటా కోర్టులు ఉదహరిస్తున్నాయి.

భూమి మీద ఆధారపడటంలో ప్రమాదమూ ఉంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. 2011లో కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. కౌలు రాబడినే నమ్ముకున్న ముసలివారికి అలాంటి సంవత్సరం ఎలా గడుస్తుంది? ఇక సెంటు భూమి లేని పాలేర్లకు, కూలీలకు ఈ పింఛను ఏనాడూ లేదు. ఒళ్ళు సహకరించినంత కాలం పని చేయడమే వారి ఏర్పాటు.

3. దానధర్మాల హద్దు

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరు పొందారు. ఆమె 1909లో కన్నుమూశారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి అప్పగించారు. ఈ ప్రాంతపు దాతృత్వానికి ఇవి గొప్ప ఉదాహరణలు. సత్రం బాటసారి ఆకలి తీర్చింది, సమాజం వితంతువులకు ఆశ్రయం, చదువు అందించింది. కాని మంచాన ఉన్న మనిషిని ఏళ్ళ తరబడి చూసుకోవడం వాటి పని కాదు. ఆ బాధ్యత ఇంటిదేనని సమాజం భావించింది.

4. బీమా వచ్చిన కాలం

మన దేశంలో జీవిత బీమా 1818లో కలకత్తాలోని ఓరియంటల్ కంపెనీతో మొదలైంది. తెలుగు నేల మీద స్వదేశీ ఉద్యమం తరువాత సొంత సంస్థలు పుట్టాయి. గోదావరి డెల్టాను ఆనుకుని ఉన్న కృష్ణా డెల్టాలో, మచిలీపట్నం కేంద్రంగా భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. తెలుగువారి పొదుపు తెలుగువారి చేతుల్లోనే ఉండాలన్నది ఆయన తలంపు.

1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. 154 భారతీయ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు, మొత్తం 245 సంస్థలు అందులో కలిసిపోయాయి. అప్పటినుంచి ఊరి ఏజెంటు ఇంటి మనిషిలా మెలిగాడు. ఆయన అమ్మిన పాలసీ ఏ కష్టానికి? సంపాదించే మనిషి చిన్న వయసులో చనిపోతే కుటుంబానికి డబ్బు అందాలి. స్వాతంత్ర్యం నాటికి మన సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళు. అందువల్ల త్వరగా చనిపోవడమే పెద్ద భయం. ఇప్పుడు అది 70 ఏళ్ళు. బతికి ఉండి, తన పని తాను చేసుకోలేకపోవడం నేటి భయం. పాత పాలసీ ఈ కొత్త భయం కోసం తయారైంది కాదు.

1986లో ప్రభుత్వ సాధారణ బీమా సంస్థలు మెడిక్లెయిమ్ ప్రవేశపెట్టాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్ళు దాటిన వారందరికీ విస్తరించారు. ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రి ఖర్చుకు సంబంధించినవి. తుంటి ఎముక విరిగితే శస్త్రచికిత్సకు సాయం అందుతుంది. ఆ తరువాత ఆరు నెలలు ఇంట్లో లేపి కూర్చోబెట్టే మనిషి జీతం ఆ లెక్కలోకి రాదు.

5. చట్టం, ప్రభుత్వ పింఛను

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో భార్యకూ పిల్లలకూ మాత్రమే భరణం ఉండేది. 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణను కొడుకులతో పాటు కూతుళ్ళ బాధ్యతగా కూడా పేర్కొంది. 1973 కోడ్‌లోని 125వ సెక్షన్ మతంతో సంబంధం లేకుండా తల్లిదండ్రులను చేర్చింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దీని కింద ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించవచ్చు.

ఆ చట్టంలోని 23వ సెక్షన్ డెల్టా కుటుంబాలకు మరీ ముఖ్యం. తమను చూసుకోవాలన్న షరతుతో పెద్దలు ఆస్తి రాసిచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అలాంటి షరతు ఉన్నట్లు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "నోటి మాట చాలు, మనవాడే కదా" అనుకుని దస్తావేజు మీద సంతకం పెట్టేవారు గమనించవలసిన విషయమిది.

భూమి లేనివారికి మొదటి భరోసా ప్రభుత్వ పింఛనే. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ పథకంలో 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు దక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2014లో 1,000 రూపాయలకు, 2024 జూలై నుంచి 4,000 రూపాయలకు చేరింది. అదే సమయంలో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వికలాంగులకు నెలకు 15,000 రూపాయలుగా నిర్ణయించారు. తనంతట తాను బతకలేని స్థితికి వేరే ఖర్చు ఉంటుందని ప్రభుత్వం ఇందులో గుర్తించింది. బీమా కంపెనీ చేయగలిగిన పనిని ఇక్కడ పన్నుల డబ్బు చేస్తోంది.

6. చేతులు ఎవరివి?

పూర్వం గోదావరి మనుషులు కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి 'రంగం', అంటే రంగూన్ వెళ్ళేవారు. ముసలి తల్లిదండ్రుల దగ్గర కోడలు ఉండేది. నేడు వలస రూపం మారింది. కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తాడు, కోడలికీ ఉద్యోగమే. మరోవైపు కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి ఎందరో స్త్రీలు ఇంటి పనికి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. అక్కడ వేరొకరి పిల్లలనూ వృద్ధులనూ చూసుకుని ఇక్కడి ఇంటికి డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో డాబా లేస్తుంది. ఆ డాబాలో అమ్మకు మందు వేసే మనిషిని మాత్రం వేరే వెతుక్కోవాలి.

ఇంతకాలం కోడలూ కూతురూ చేసిన చాకిరీకి ఎవరూ ధర కట్టలేదు. అందుకే సంరక్షణ చవకగా కనిపించింది. ఆ చేతులు దూరమైనప్పుడే దాని అసలు ధర బయటపడింది.

7. ఇతర దేశాల అనుభవం

ఇదే మార్పు కొన్ని దేశాల్లో మనకంటే ముందు వచ్చింది. జర్మనీ 1995లో సంరక్షణ బీమాను తప్పనిసరి చేసింది. జపాన్ 2000లో 40 ఏళ్ళు దాటిన వారందరూ ప్రీమియం కట్టే పద్ధతి పెట్టింది. అమెరికాలో మాత్రం దీన్ని ఎక్కువగా ప్రైవేటు కంపెనీలకు వదిలారు. చాలామంది మధ్యలో పాలసీ మానేస్తారని కంపెనీలు లెక్కవేశాయి. జనం మానలేదు, పైగా ఎక్కువ కాలం బతికారు, వడ్డీ రేట్లు పడిపోయాయి. కంపెనీలు ప్రీమియంలు బాగా పెంచాయి, అనేకం కొత్త పాలసీలు అమ్మడం మానేశాయి. ఏళ్ళ తరబడి కట్టినవారు పెంచిన ప్రీమియం కట్టాలా, కట్టినదంతా వదులుకోవాలా అన్న సందిగ్ధంలో పడ్డారు. సంరక్షణ ఖర్చును 30 ఏళ్ళ ముందు అంచనా వేయడం బీమా నిపుణులకే కష్టమైందని దీనివల్ల తెలుస్తుంది.

8. మీ ముందున్న నిర్ణయం

మన దేశంలో సంరక్షణకు మాత్రమే ఉద్దేశించిన పాలసీలు ఇంకా విస్తృతంగా అందుబాటులో లేవు. అలాంటిదేదైనా మీ ముందుకు వస్తే చరిత్ర నేర్పిన నాలుగు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఏ స్థితిలో డబ్బు ఇస్తారు? ఆసుపత్రిలో చేరితేనా, లేక స్నానం, తిండి, నడక వంటి పనులు చేసుకోలేకపోతేనా? రెండోది, ధరలతో పాటు ఆ మొత్తం పెరుగుతుందా? ఏటా 6 శాతం ధరలు పెరిగితే ఖర్చు 12 ఏళ్ళలో రెట్టింపు, 24 ఏళ్ళలో నాలుగు రెట్లు అవుతుంది. నేడు 10,000తో జరిగే పనికి అప్పుడు 40,000 కావాలి. మూడోది, కంపెనీ ప్రీమియం పెంచవచ్చా? మీరు మధ్యలో ఆపితే ఏం మిగులుతుంది? నాలుగోది, డబ్బు వచ్చినా మీ ఊళ్ళో సేవ చేసే మనిషి దొరుకుతారా?

ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబు లేని పాలసీ కోసం తొందరపడనక్కరలేదు. ముందు ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్య బీమా ఉందో లేదో చూసుకోండి. తరువాత నెలనెలా వచ్చే రాబడి, అది పింఛనైనా కౌలైనా, పెద్దల పేరనే ఉండేలా చూడండి. ఆస్తి రాసిస్తే చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. చివరగా, ఎవరు చూస్తారన్నది తోబుట్టువులంతా కూర్చుని ముందే మాట్లాడుకోండి. చూసేవారికి మిగతావారు ఏమిస్తారో కూడా ఆ మాటల్లోనే తేల్చుకోండి. మనోవర్తి కాలంలో ఈ ఒక్క విషయమే ఎవరూ పత్రం మీద పెట్టలేదు.

9. సారాంశం

భూమి, దానధర్మాలు, జీవిత బీమా, చట్టం, ప్రభుత్వ పింఛను, ఇవి డెల్టాలో వృద్ధాప్యానికి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన ఆధారాలు. కొత్తది వచ్చినా పాతది పూర్తిగా పోలేదు. ఇవన్నీ ప్రధానంగా డబ్బునో తిండినో సమకూర్చాయి, సేవను ఇంటి స్త్రీలే చేశారు. సంరక్షణ బీమా గురించిన నిర్ణయంలో డబ్బునూ చేతులనూ వేర్వేరుగా లెక్కించాలి.

10. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1937 చట్టం గోదావరి డెల్టాలోని వితంతువులకు వెంటనే ఎందుకు పూర్తిగా ఉపయోగపడలేదు?
2. జీవిత బీమా, ఆరోగ్య బీమా, సంరక్షణ బీమా ఏయే కష్టాలకు ఉద్దేశించినవి? తేడాలు రాయండి.
3. మీ ఊళ్ళో 75 ఏళ్ళు దాటిన ఇద్దరితో మాట్లాడి, వారికి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో, సేవ ఎవరు చేస్తున్నారో పేర్లు లేకుండా 20 పంక్తుల్లో రాయండి.