ఊసుపోక కబుర్లకే లైసెన్సు

హైదరాబాదు సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో పుట్టింది. దాని చరిత్ర రాయమంటే ఎవరైనా యాంటెన్నాలతోనో తుఫాను సేవలతోనో మొదలుపెడతారు. నా లెక్కలో అది నేర్పిన పెద్ద విద్య వేరు. ముక్కూమొహం తెలియని వాళ్లతో తగువు పడకుండా మాట్లాడటం.

అమెచ్యూర్ రేడియో వాళ్లను హాములంటారు. హామ్ లైసెన్సు కావాలంటే రేడియో సంగతులతోపాటు నిబంధనలూ చదవాలి. మన దేశంలో చాలాకాలం 1978 నాటి రూల్సే నడిచాయి. వాటి ప్రకారం ప్రయోగాల గురించి మాట్లాడుకోవచ్చు. టెలిగ్రాం ఇచ్చేంత ముఖ్యం కాని సొంత కబుర్లూ చెప్పుకోవచ్చు. వార్తలు, వ్యాపారం, ప్రకటనలు, రాజకీయ వివాదాలు మాత్రం కూడదు. తంతిశాఖ రాబడికి గండి పడకూడదన్న జాగ్రత్త అందులో కొంత ఉంది. కారణం ఏదైనా, ఊసుపోక కబుర్లకు సర్కారే చట్టం చేసి చోటిచ్చిన సందర్భం ఇంకొకటి నాకు తెలియదు. మతం గొడవ కూడా గాలిలోకి తేకూడదన్నది హాముల్లో పాత ఆనవాయితీ.

అయితే రూల్ కంటే గట్టిగా పనిచేసేది మైకు మీది బొత్తాం. అది నొక్కి ఉంచినంతసేపూ మాట్లాడగలం, వినలేం. ‘ఓవర్’ అని వదిలితేనే అవతలివాడి గొంతు వినపడుతుంది. మధ్యలో దూరి అరిచినా ఆయనకు చేరదు, వింటున్నవాళ్ల చెవుల్లో గరగర తప్ప. అందుకే తెలిసినవాళ్లు బొత్తాం వదిలాక ఒక క్షణం ఆగుతారు. మూడో మనిషి ఎవరైనా ‘బ్రేక్’ అంటే చోటివ్వాలి కదా. ఆయన కూడా తన కాల్‌సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరు, చెప్పుకునే రావాలి. పేరు దాచుకుని రాయి విసిరే వీలు లేదు. పైగా ఇది నలుగురూ వినే మాట. అలలు అనుకూలిస్తే, చర్ల అవతల బస్తర్ అంచున ఉన్న పామేడులోనైనా సరైన రిసీవరుంటే వినొచ్చు.

ఈ క్రమశిక్షణ ఎంత పనికొస్తుందో 2004 డిసెంబరులో తెలిసింది. ఆ నెల భారతి ప్రసాద్ నాయకత్వంలో ఇన్‌స్టిట్యూట్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి అండమాన్ నుంచి ప్రసారాలు మొదలుపెట్టింది. అక్కడి నుంచి హామ్ గొంతు వినిపించి అప్పటికి చాలా ఏళ్లయింది. ప్రపంచం నలుమూలల నుంచీ ఒకేసారి పిలుపులు. అందరికీ కావలసింది కాల్‌సైన్, సిగ్నల్ ఎంత బాగుందో చెప్పే రెండంకెలు, ఆ తర్వాత మాట్లాడినట్టు రుజువుగా ఓ క్యూఎస్‌ఎల్ కార్డు. లోకం దృష్టిలో పనికిమాలిన సరదా. 26న సునామీ వచ్చింది. దీవుల్లో ఫోన్లు మూగబోయాయి. అదే స్టేషన్ బంధువుల క్షేమసమాచారాలు చేరవేసే కేంద్రమైంది. అంతదాకా తోసుకుంటూ పిలిచినవాళ్లు ఇప్పుడు అత్యవసర సందేశాలకు దారి వదలాలి. చెవి పెట్టడం అలవాటైనవాళ్లకు అది కొత్తగా నేర్పనక్కర్లేదు.

అలాగని హాములంతా సాధువులని కాదు. ముఖాముఖి కలిస్తే ‘ఐబాల్’ అంటారు. అక్కడ బొత్తామూ లేదు, రూలూ లేదు. టీలు రాకముందే యాంటెన్నా ఎత్తు మీద మొదలైన మాట ఎన్నికల మీదికి పోతుంది, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు.