పన్నుల చిట్టాలో లేని పేర్లు

పన్నుల మీద జనం తిరగబడిన చరిత్ర అనగానే మన ప్రాంతంలో ముందు చెప్పుకునేది చీరాల-పేరాల. 1921 నాటికి ఆ రెండు ఊళ్ళూ గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉండేవి. మద్రాసు ప్రభుత్వం రెండిటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్నుల భారం ఒక్కసారిగా పది రెట్లు పెరిగింది. ఊళ్ళో ఎక్కువమంది చేనేత పనివారు, చిన్న వ్యాపారులు. ఇసుక నేల కావడంతో కాస్త తవ్వితే నీళ్ళు పడతాయి. మాకు అక్కరలేని సదుపాయాలకు ఇంత పన్ను ఎందుకు కట్టాలని వాళ్ళు అడిగారు. పన్ను కట్టనందుకు జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. చివరికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఊరు ఖాళీ చేసి, మునిసిపాలిటీ హద్దు దాటి, రామనగరం అని పేరు పెట్టుకున్న పాకల్లో నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చి బతికారు.

ఆ పోరాటం గొప్పది. మన పిల్లలూ దాన్ని చదవాలి. అయితే అదే తాలూకాలో, చీరాల నుంచి బాపట్ల పోయే రైలు దారిలో, అప్పటికే పాకలతో వెలిసిన మరో ఊరు ఉంది. దాని గురించి పాఠం చెప్పేవారు తక్కువ. ఆ ఊరు స్టువర్టుపురం.

1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. ఎరుకల కులంలో పుట్టడమే నేరమైంది. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకలవారికోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టి, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సెటిల్‌మెంటులో ఉన్నవాళ్ళు హాజరు పలకాలి. బయటికి పోవాలంటే పాసు కావాలి. మురుగు నేలను సాగులోకి తెచ్చే చాకిరీ వాళ్ళదే. చీరాలలో పొగాకు కంపెనీ ఫ్యాక్టరీకి కూలికి పోయినవాళ్ళూ వాళ్ళే.

రామనగరం జనం పన్ను కట్టం అంటూ తమ ఇష్టంతో ఊరు విడిచారు. స్టువర్టుపురం జనానికి పాసు లేకుండా ఊరు విడిచే హక్కే లేదు. చీరాల గృహస్థు పేరు మునిసిపాలిటీ పన్నుల పుస్తకంలో ఉంది. ఎరుకల మనిషి పేరు వేలిముద్రతో సహా హాజరు పుస్తకంలో ఉంది. పన్నుల పుస్తకంలో పేరున్నవాడు కోపం వస్తే కట్టను అనగలడు. హాజరు పుస్తకంలో పేరున్నవాడు రాను అంటే జైలే.

మరి మనవాళ్ళు పన్ను కట్టలేదా? కట్టారు. రసీదు లేకుండా కట్టారు. ఎరుకలవారు సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా లోపలి ఊళ్ళకు చేర్చి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవారు. కంపెనీ సర్కారు ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చింది. తర్వాత రైలు వచ్చింది. ఎద్దులు మోసిన ఉప్పును వ్యాగన్లు మోశాయి. 1876-78 కరువు మిగిలినదాన్నీ ఊడ్చేసింది. 1882 మద్రాసు అడవుల చట్టంతో వెదురుకూ, ఈతాకుకూ, పశువుల మేతకూ ఆంక్షలు వచ్చాయి. బుట్టలల్లే చేతికి వెదురు కరువైంది. బతుకుతెరువు పోయిన జాతిని పట్టుకుని నేరస్థ జాతి అన్నారు. తీసుకున్నది సర్కారు, దొంగ అన్న పేరు మనకు.

తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్ళు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలకు నీళ్ళొచ్చాయి. మెట్ట మాగాణి అయింది. శిస్తు, నీటి తీరువా వసూలు చేసి కరణం చిట్టాలో రాసుకున్నాడు. భూమి ఉన్న రైతుకు ఆ చిట్టా భారమే. కానీ అదే అతనికి ఆధారం కూడా. కాలువ తెగితే, నీళ్ళు అందకపోతే, శిస్తు కట్టిన రసీదు చూపించి అర్జీ పెట్టుకునేవాడు.

ఆ కాలువ గట్ల మీదే యానాదులు గుడిసెలు వేసుకున్నారు. చేపలు, పీతలు పట్టారు. కోతల కాలంలో పొలాల్లో ఎలుకలు పట్టి రైతు పంట కాపాడారు. తోటలకు కాపలా కాశారు. గట్టు సర్కారు పోరంబోకు. దానికి పట్టా లేదు, పట్టా లేదు కనుక శిస్తు లేదు, శిస్తు లేదు కనుక చిట్టాలో పేరు లేదు. పేరు లేని మనిషి ఏ అర్జీ పెట్టాలి, ఏ రసీదు చూపాలి? నేటికీ గట్టు మీది ఇంటికి కుళాయి అడిగితే ముందు అడిగేది ఇంటి పన్ను రసీదే.

1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమి శిస్తు కట్టడం మానేశారు. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపడంతో అదీ ఆగింది. అదే ఫిబ్రవరిలో పల్నాడులో పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. పుల్లరి అంటే అడవిలో పశువులు మేసినందుకు పన్ను. ఇక మన్యంలో అయితే 1879 రంప తిరుగుబాటుకు కారణాల్లో కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒకటి, మైదానం వ్యాపారుల అప్పులు మరొకటి. పన్నూ అప్పూ ఒకే తాడుకు రెండు కొసలని మన్యం పెద్దలు అప్పుడే గ్రహించారు.

మన్యంలో భూమిని కాపాడడానికి తర్వాత 1/70 చట్టం వచ్చింది. అప్పుల వ్యాపారాన్ని అదుపు చేసే నిబంధనలూ వచ్చాయి. అవి షెడ్యూల్డు ప్రాంతాలకే. తెనాలి, బాపట్ల, రేపల్లె ఆ హద్దులో లేవు. మైదానంలో ఉన్న ఎరుకల, యానాది, సుగాలీలకు ఆ గొడుగు లేదు. ఇటుకబట్టీలోనో, చెరువు కాపలాలోనో అడ్వాన్సు తీసుకుంటే అది తీరేదాకా కుటుంబమంతా అక్కడే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా, ఆ అడ్వాన్సు లెక్క మాత్రం యజమాని నోట్‌బుక్కులోనే ఉంటుంది. మన పేరున్న పుస్తకాల్లో అదీ ఒకటి.

ఇప్పుడు ప్రభుత్వాలు అప్పులు చేస్తున్నాయని, పన్నులు పెంచుతున్నాయని, ఆసుపత్రులూ రోడ్లూ మాత్రం బాగుపడలేదని టీ బడ్డీ దగ్గర అందరూ మాట్లాడుతున్నారు. ఆ మాటల్లో తరచుగా మరో మాట దొర్లుతుంది: మేము పన్ను కడితే వాళ్ళకు పథకాలు పంచుతున్నారని. ఆ వాళ్ళు ఎవరో మనకు తెలుసు. ఆ మాట విని తల దించుకునే మన పిల్లలకు ఒక లెక్క చెప్పాలి. 2017 జులై నుంచి జీఎస్‌టీ ఉంది. సెల్‌ఫోన్ రీచార్జి మీద 18 శాతం పన్ను. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. కలవారింటి అబ్బాయి రీచార్జికీ, గట్టు మీది గుడిసెలో అబ్బాయి రీచార్జికీ ఒకే రేటు. సంపాదనతో పోల్చి చూస్తే ఎక్కువ బరువు మోసేది రెండోవాడు. రాష్ట్రం చేసిన అప్పుకు వడ్డీ కట్టేదీ ఈ పన్నుల్లోంచే. అంటే ఆ అప్పులో మన వాటా కూడా ఉంది.

కట్టినవాళ్ళం కనుక లెక్క అడగవచ్చు. అడిగే దారి చట్టంలోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికల చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని, వాటిని ఆయా వర్గాలకే ఖర్చు పెట్టాలని దాని సారాంశం. 2011 జనాభా లెక్కల్లో నేటి ఆంధ్రప్రదేశ్ గిరిజనులు 5.53 శాతం. ఆ నిష్పత్తిలో వచ్చిన డబ్బు మన పేటకు ఏ రూపంలో చేరిందో, చేరకపోతే ఎక్కడ ఆగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. ఒక దరఖాస్తు, పది రూపాయల రుసుం. మన తాతలు వేలిముద్ర వేసిన చోట మనం సంతకం పెడతాం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. చీరాల-పేరాల పాఠం చెప్పే రోజున పటం మీద స్టువర్టుపురం కూడా చూపించండి. నేరస్థ జాతుల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయిందని, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు గానీ మనకు విముక్తి రాలేదని చెప్పండి. పిల్లల చేత ఇంట్లో నెలసరి సరుకుల పద్దు రాయించి, అందులో పన్ను ఎంతో లెక్క కట్టించండి. లెక్కల పాఠమూ అవుతుంది, చరిత్ర పాఠమూ అవుతుంది.

యువతీయువకులకు మేము చెప్పేది ఒక్కటే. పన్నుల మీద కోపం అందరికీ ఉంది. మనకూ ఉండాలి. ఊరంతా ఆసుపత్రి గురించో, కాలువ గురించో, బడి గురించో అర్జీ పెట్టే రోజున మన పేట సంతకాలు కూడా అందులో ఉండాలి. మొదటి వరుసలోనే ఉండాలి.