వీడియో సమావేశాల్లో బహుళ కెమెరాలు

ఒకే వీడియో సమావేశంలో ఒకటికి మించిన కెమెరాల దృశ్యాలను వాడుకునే పద్ధతి ఇది. ఆ కెమెరాలు గదిలో బిగించినవి కావచ్చు, కూర్చున్నవారి ల్యాప్‌టాప్‌లవీ ఫోన్‌లవీ కావచ్చు. బల్ల చుట్టూ పదిమంది ఉన్న గదిని ఒక్క కెమెరా చూపిస్తే దూరాన ఉన్నవారికి మనుషులు కనిపిస్తారు గానీ ముఖాలు ఆనవు. ఎవరు మాట్లాడుతున్నారో, మాట్లాడేవారు ఎవరి వైపు తిరిగారో తెలియదు. ఈ లోటు తీర్చే ప్రయత్నాలు 1970ల నుంచీ సాగుతున్నాయి. కెమెరాలు పెంచడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. ఏ దృశ్యం ఎప్పుడు చూపాలి, గదిలోని శబ్దాన్ని ఎలా అదుపు చేయాలి అన్నవే చిక్కుముడులు.

తొలి ప్రయోగాలు

అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపించి, 1970లో పిట్స్‌బర్గ్‌లో అమ్మకానికి పెట్టిన పిక్చర్‌ఫోన్ ఇద్దరి మధ్య సంభాషణ కోసం తయారైంది. అది జనానికి ఎక్కలేదు. ఆ దశాబ్దంలోనే ఆ సంస్థ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లోని పరిశోధకులు సమావేశ గదుల మీద దృష్టి పెట్టారు. ఒక్కో కెమెరా కొందరిని చూసేలా అమర్చి, గొంతు ఏ వైపు నుంచి వస్తే ఆ కెమెరా దృశ్యం దానంతటదే తెర మీదికి వచ్చేలా చేశారు. ఇలా గొంతును బట్టి దృశ్యం మార్చే పద్ధతికి ఒక జబ్బు పుట్టుకతోనే ఉంది: ఎవరైనా దగ్గినా దృశ్యం అటు మారిపోవచ్చు. అందుకే ఇలాంటి వ్యవస్థలు వెంటనే మారకుండా కాస్త ఆగి చూసేలా చేయాల్సి వచ్చింది.

1990ల మొదట్లో టొరంటో విశ్వవిద్యాలయంలో బిల్ బక్స్‌టన్, అబిగైల్ సెలెన్ తదితరులు చేసిన హైడ్రా ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన అనవచ్చు. అందులో దూరాన ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న పెట్టె ఉంటుంది. ప్రతి పెట్టెకూ సొంత తెర, కెమెరా, స్పీకరు ఉంటాయి. ఆ మనిషి నిజంగా వచ్చి ఉంటే బల్ల దగ్గర ఎక్కడ కూర్చునేవాడో అక్కడ ఆ పెట్టెను పెడతారు. ఒకరి వైపు తల తిప్పితే ఆ సంగతి మిగతావారికీ తెలుస్తుంది. గొంతు కూడా ఆయా దిక్కు నుంచే వినిపిస్తుంది. పక్కవారితో గుసగుసగా ఓ మాట అనుకోవడానికీ వీలుండేది. ఒకే తెర మీద గళ్లుగా ముఖాలు పేర్చే నేటి సేవల్లో పోయింది సరిగ్గా ఇదే.

1993లో కేంబ్రిడ్జ్‌లోని జిరాక్స్ పరిశోధనశాల యూరోపార్క్‌కు చెందిన విలియం గేవర్, సెలెన్‌లు సామాజిక శాస్త్రవేత్తలు క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్‌లతో కలిసి మరో ప్రశ్న వేశారు: చూసేవారికే కెమెరాలు ఎంచుకునే వీలిస్తే ఏం చూస్తారు? ముఖం, బల్ల, గది వంటి వేర్వేరు దృశ్యాలిచ్చి కలిసి చేయాల్సిన పని అప్పగిస్తే, ఎదుటివారి ముఖాన్ని జనం చాలా తక్కువగా చూశారు. చేతిలో ఉన్న పని, వస్తువులు కనిపించే దృశ్యాలకే మొగ్గు చూపారు. అయితే ఒకరు ఏ కెమెరా చూస్తున్నారో అవతలివారికి తెలియకపోవడం కొత్త తికమకగా మారింది.

గదుల నుంచి చేతి ఫోన్లకు

ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర ముఖ్యమంత్రి హైదరాబాదు నుంచి జిల్లా కలెక్టర్లతో జరిపిన వీడియో కాన్ఫరెన్సులు తెలుగువారికి ఈ సాంకేతికతను వార్తల్లో పరిచయం చేశాయి. ఒకరు ప్రశ్నించి మరొకరు జవాబు చెప్పే అలాంటి సమీక్షకు ఒక్క కెమెరా సరిపోతుంది. నలుగురూ అడ్డొచ్చి మాట్లాడే చర్చకే చాలదు. 2005లో డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్‌తో కలిసి హెచ్‌పీ తెచ్చిన హేలో, 2006లో సిస్కో తెచ్చిన మూడు తెరల, మూడు కెమెరాల టెలిప్రెజెన్స్ ఆ చర్చ కోసం ప్రత్యేకంగా గదులనే కట్టించాయి. ధర మాత్రం పెద్ద సంస్థలకే అందేది. 2007లో మైక్రోసాఫ్ట్ రౌండ్‌టేబుల్ ఐదు కెమెరాలను ఒక్క పరికరంలో చేర్చి, బల్ల నడుమ నుంచి చుట్టూ ఉన్న అందరినీ చూపింది.

2020 లాక్‌డౌన్లలో ఎవరి ఇంట్లో వారుండటంతో మనిషికో కెమెరా దానంతటదే సమకూరింది. సగంమంది ఆఫీసుకు తిరిగొచ్చాకే చిక్కు మొదలైంది: గదిలోనివారు మళ్లీ ఒకే గడిలో చీమల్లా కనిపించసాగారు. దాంతో గదిలో ఉంటూనే, మైకు ఆపేసి సొంత ల్యాప్‌టాప్‌తో సమావేశంలో చేరడం అలవాటైంది. గూగుల్ మీట్ 2022లో ఇందుకోసం కంపానియన్ మోడ్ ఇచ్చింది. జూమ్ 2021లో ఒకే కెమెరా దృశ్యాన్ని మనుషుల వారీగా కత్తిరించి చూపింది. 2023లో గదిలోని పలు కెమెరాల నుంచి ఒక్కొక్కరి ముఖం బాగా కనిపించే కోణాన్ని ఎంచడం మొదలుపెట్టింది. పెళ్లి వీడియోలో మిక్సింగ్ దగ్గర కూర్చున్న మనిషి చేసే పనే ఇది, ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేస్తోంది. వేరే యాప్ అవసరం లేకుండా ఐఫోన్‌ను మ్యాక్ కంప్యూటరుకు కెమెరాగా వాడే వీలు 2022లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లకు అలాంటిది 2023లోనూ వచ్చాయి.

శబ్దం

ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌ల మైకులు, స్పీకర్లు తెరిచి ఉంటే కీచుమనే మోత పుడుతుంది. ఏ పరికరానికైనా తన స్పీకరులో ఏం వస్తోందో తెలుసు గనుక దాన్ని తన మైకు నుంచి తీసేయగలదు. కానీ పక్క పరికరంలో అదే గొంతు కొన్ని మిల్లీసెకన్లు ముందో వెనకో వస్తుంది. ఆ తేడా కూడా నిలకడగా ఉండదు, ఎందుకంటే రెండింటి లోపలి గడియారాలూ ఒకే వేగంతో నడవవు. దృశ్యానికి ఈ బాధ లేదు. రెండు బొమ్మలు పక్కపక్కనే ఉండగలవు, రెండు శబ్దాలు కలిసిపోతాయి. మామూలు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మైకులన్నిటినీ ఒకే మైకుగా జతచేసే ప్రయోగాన్ని మైక్రోసాఫ్ట్ 2019లో ప్రాజెక్ట్ డెన్మార్క్ పేరుతో చూపింది. ఒకే గదిలోని ల్యాప్‌టాప్‌లను గుర్తించి వాటి మైకులనూ స్పీకర్లనూ సమన్వయం చేసే సదుపాయాన్ని గూగుల్ మీట్ 2024లో ఇచ్చింది.

ఇళ్లలో బహుళ కెమెరాల పద్ధతి పాఠాలకు బాగా ఉపయోగపడుతుంది. వీణ నేర్పేవారు ల్యాప్‌టాప్‌తో ముఖాన్ని, ఫోనుతో మెట్ల మీద వేళ్లను చూపవచ్చు. కూచిపూడి గురువు శిష్యురాలి అభినయాన్నీ అడుగులనూ విడివిడిగా గమనించవచ్చు. రెండో పరికరం కూడా విడిగా మరో సభ్యుడిగా చేరుతుంది గనుక ఇంటి ఇంటర్నెట్‌పై భారం పెరుగుతుంది. శబ్దం ఒక పరికరం నుంచి, దృశ్యం మరో పరికరం నుంచి వెళ్తే తాళానికీ అడుగుకీ మధ్య తేడా కనిపించవచ్చు. తాళం సరిచూడాల్సినప్పుడు మైకూ కెమెరా ఒకే పరికరంలో వాడటం మేలు.