150 మాటల్లో తోర్వా ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, తోర్వాలో బుధవారం. 2025 డిసెంబరు. పొద్దున పదకొండు దాటినా చలి వదల్లేదు. మీరు కూర్చున్న కుర్చీ వెనక గోడ అలమర ఉంది. బండి వెళ్ళినప్పుడల్లా అందులో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతాయి. "ఖాళీ ర్యాకు," అంటాడు పెద్దాయన కిటికీ వైపు చూడకుండానే. కాసేపటికి మరో మోత, ఈసారి నేల అడుగునుంచి వచ్చినట్టు బరువుగా. "లోడు. బొగ్గే." ఆయన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. తండ్రి శ్రీకాకుళం పక్క పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పట్టాల పనికి ఇక్కడికి వచ్చాడు. బిలాస్‌పూర్ రైల్వే చుట్టూ స్థిరపడ్డ తెలుగిళ్ళలో ఇలాంటి కథలు చాలానే వింటారు.

ఎదురుగా చాప మీద డిగ్రీ చదివే మనవరాలు కూర్చుంది. ఒళ్ళో నోట్‌బుక్, పక్కన ఫోన్. ఫోన్‌లో లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం, సౌండ్ తగ్గించి పెట్టింది. బుధవారం లోక్‌సభలో రైల్వే ప్రశ్నల రోజు. తెర మీద కనిపించేది మంత్రి నోటితో చెప్పే జవాబులు మాత్రమే. రోజుకు అలాంటి ప్రశ్నలు 20 ఉంటాయి, వాటిలోనూ చాలా భాగం వంతు రాకుండానే గంట అయిపోతుంది. అసలు సరుకు తెరకు అందని చోట ఉంటుంది. ఎవరూ లేచి చదవని, రాతపూర్వకంగా సభ ముందు పెట్టేసే ప్రశ్నలు రోజుకు 230 వరకూ ఉంటాయి. ఈ ఇంట్లో ఇప్పుడు రాస్తున్నది అలాంటిదొకటి.

"ఏటి రాసినావు, సదువు," అంటాడు పెద్దాయన.

ఆమె చదువుతుంది. "లాల్‌ఖదాన్ దగ్గర అంత ఘోర ప్రమాదం జరిగినా నిర్లక్ష్యంగా వ్యవహరిస్తున్న రైల్వే శాఖ..."

"అక్కడే ఆగు. నిర్లక్ష్యం అన్న మాట తీసీ."

"అది నిజం కాదా తాతయ్యా?"

"నిజమా కాదా అని కాదమ్మా. ఆ మాటుంటే ప్రశ్న అక్కడే పడిపోద్ది. నువ్వు అంకె అడుగు."

ఆయన చెప్పింది అక్షరాలా లోక్‌సభ నియమమే. ప్రశ్న 150 మాటలు మించకూడదు. అందులో వాదన, వ్యంగ్యం, ఆరోపణ, విశేషణం ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. కోపంతో రాసిన వాళ్ళకు ఈ నియమం గొంతు నొక్కినట్టే అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది అడిగేవాడి చేతికి ఇచ్చిన పదునుగానే కనిపిస్తుంది. విశేషణం ఉంటే మంత్రి విశేషణానికే జవాబు చెప్పి తప్పుకుంటాడు. ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ అని మాత్రమే అడిగితే తప్పుకోవడం కష్టం.

ఆ కోపానికి కారణం ఈ ఇంటికి దగ్గర్లోనే ఉంది. నవంబరు 4న, సాయంత్రం నాలుగు గంటల వేళ, గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెమూ లాల్‌ఖదాన్ దగ్గర పట్టాల మీద ఆగి ఉన్న గూడ్స్‌ను వెనక నుంచి గుద్దింది. మెమూ ముందు పెట్టె గూడ్స్ చివరి భాగం మీదికి ఎక్కేసింది. నడుపుతున్న లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా చనిపోయారు. కోర్బా వైపు నుంచి రోజూ చదువుకు, కొలువుకు వచ్చేవాళ్ళ బండి అది. ఆ ప్రమాదం ఫొటో ఈ ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంది. పెద్దాయన ఒక్కసారే చూశాడట. గూడ్స్ చివర ఉండే బ్రేక్ వ్యాన్ ఆయన బతుకంతా కూర్చున్న చోటు. అందుకే ప్రమాదం సంగతి మీరు ఎత్తినా ఆయన దాని గురించి మాట్లాడడు, ప్రశ్న గురించే మాట్లాడతాడు.

ఇంకో చిక్కుంది. ప్రమాదం మీద రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణ చేస్తారు. ఆ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. బళ్ళు నడిపేవాళ్ళే తమ తప్పొప్పులు తేల్చుకోకూడదని అలా పెట్టారు. అలాంటి విచారణలో ఉన్న విషయాన్ని సాధారణంగా ప్రశ్నగా అనుమతించరు. కాబట్టి "ప్రమాదానికి కారణం ఏమిటి" అని అడిగితే ప్రశ్న గుమ్మం దాటకపోవచ్చు. మనవరాలు ఆ వాక్యం మీద గీత కొట్టేస్తుంది. మీ ముందే మొదటి పేజీ మొత్తం కొట్టివేతలతో నిండిపోయింది.

వంటింట్లోంచి కోడలు చీలాలు తెచ్చి పెడుతుంది, టమాటా పచ్చడితో. బియ్యప్పిండి జారుగా కలిపి పోసే ఈ ఊరి అట్లు. "తినండి బాబూ, చల్లారిపోతాయి," అని మీకు చెప్పి, కూతురి నోట్‌బుక్‌లోకి తొంగి చూసి, ఆమే అసలు సంగతి అడుగుతుంది. "ఇంతకీ దీన్ని సభలో అడిగేదెవరు?"

అక్కడే గది ఒక్క క్షణం ఆగుతుంది. తోర్వా బిలాస్‌పూర్ లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. ఇక్కడి ఎంపీ తోఖన్ సాహు 2024 జూన్ నుంచి కేంద్రంలో సహాయ మంత్రి. మంత్రి ప్రశ్నలకు జవాబు చెప్పే వరసలో కూర్చుంటాడు, మరో మంత్రిని ప్రశ్న అడగడు. ఓటేసిన ఊరికి అది గౌరవమే. కానీ దక్షిణ తూర్పు మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి, రైల్వేను అడగడానికి లోక్‌సభలో సొంత నోరు లేకుండా పోయింది. మన దగ్గర కూడా ఎంపీకి మంత్రి పదవి వస్తే టపాసులు కాలుస్తాం. ఆ రోజుతో ఆ నియోజకవర్గం ప్రశ్నల ఖాతా మూతపడుతుందని ఎవరూ చెప్పరు.

"కోర్బా ఎంపీ ఉన్నారు గదా," అంటాడు పెద్దాయన. "బండి బయల్దేరింది అక్కడినుంచే." కోర్బా నుంచి 2019లోనూ 2024లోనూ గెలిచిన జ్యోత్స్నా మహంత్ ప్రతిపక్ష సభ్యురాలు. మనవరాలు నోట్‌బుక్ చివరి పేజీలో కోర్బా అని రాసుకుంటుంది.

ఇక ఫోన్‌లో దాచిన పాత జవాబులు తీస్తుంది. మీరు ఆమె పక్కకి జరిగి చూడాల్సింది వీటినే. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర 290 మందికి పైగా చనిపోయాక, ఢీకొనకుండా బండిని ఆపే కవచ్ గురించి ఎంపీలు సమావేశం తర్వాత సమావేశం అడుగుతూ వచ్చారు. ఆ ఏడు వానాకాలపు జవాబులో దక్షిణ మధ్య రైల్వేలో 1,465 రూట్ కిలోమీటర్ల మీద, 121 ఇంజన్లకు కవచ్ అమర్చామన్నారు. చలికాలం వచ్చేసరికి అదే 1,465, ఇంజన్లు 139. 2024 వానాకాలంలో మళ్ళీ 1,465, ఇంజన్లు 144. ఒక్కో జవాబును విడిగా చూస్తే పని సాగుతున్నట్టే కనిపిస్తుంది. మూడూ ఒకదాని కింద ఒకటి పెట్టేసరికి ఏడాదిపాటు పట్టా మీద ఒక్క కిలోమీటరూ పెరగలేదని తెలుస్తుంది. ఈ సంగతి ఏ విలేకరీ రహస్యంగా సంపాదించింది కాదు. ప్రభుత్వం తన సంతకంతో సభకు ఇచ్చిన కాగితం చెప్పింది. రాతప్రశ్న విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. విసుగు లేకుండా అదే ప్రశ్న మళ్ళీ అడిగేవాళ్ళు ఉండాలి, జవాబులు దాచి పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఉండాలి.

"ఆ కవచ్ మొదలైంది మన వైపే గదా," అని పెద్దాయన నిట్టూరుస్తాడు. నిజమే. కవచ్ పుట్టి పెరిగింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న జోన్‌లో. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బళ్ళ మీద మొదటి పరీక్షలు మొదలయ్యాయి. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజన్లో కూర్చుని చూశారు. తెలుగు నేల మీద తయారైన రక్షణ, తెలుగువాళ్ళు వలస వచ్చి పట్టాలు వేసిన ఈ డివిజన్‌కు ఎప్పుడు చేరుతుందన్నదే ఈ ఇంటి ప్రశ్న.

మళ్ళీ గ్లాసులు మోగుతాయి. బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఈ జోన్ 2022-23లో 20 కోట్ల టన్నులకు పైగా సరుకు మోసింది, అందులో ఎక్కువ భాగం బొగ్గు. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముదిరి కరెంటు కేంద్రాలు బొగ్గు కోసం అల్లాడినప్పుడు, ర్యాకులకు దారివ్వడానికి ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్ళే ప్యాసింజర్ బళ్ళను వారాల తరబడి రద్దు చేశారు. రైల్వే ప్రభుత్వ శాఖ, పైగా వ్యాపారం చేసే శాఖ. బొగ్గు మీద సంపాదించి ప్రయాణికుడి టికెట్ నష్టాన్ని పూడ్చుకుంటుంది. వృద్ధుల రాయితీ గురించి అడిగిన ప్రతిసారీ ఆ లెక్కే జవాబుగా వస్తుంది. 2022-23లో ప్రయాణికుల టికెట్ల మీద 56,993 కోట్ల సబ్సిడీ ఇచ్చామని, 100 రూపాయల ఖర్చయ్యే సేవకు 54 మాత్రమే తీసుకుంటున్నామని. 2020 మార్చిలో ఆపేసిన రాయితీని మళ్ళీ ఇస్తారా ఇవ్వరా అన్నదానికి అందులో సూటి సమాధానం ఉండదు. కొత్త బండి అడిగితే, రైల్వే రాష్ట్రాల సరిహద్దులు దాటి నడిచే వ్యవస్థ అని, వీలును బట్టి బళ్ళు వేయడం నిరంతరం సాగే పని అని వస్తుంది. 2017కు ముందైతే రైల్వేకు విడిగా బడ్జెట్ ఉండేది, దాని మీద సభలో విడిగా చర్చ నడిచేది. ఆ బడ్జెట్ సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయాక రాతప్రశ్న మీద భారం ఇంకా పెరిగింది. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో ప్రశ్నల గంటనే ఎత్తేసినప్పుడు కూడా రాతజవాబులు మాత్రం ఆగలేదు.

పెద్దాయన సర్వీసులో పార్లమెంటు ప్రశ్న అన్న మాటకు ఆఫీసుల్లో ఎంత కదలిక ఉండేదో చెబుతాడు. ఢిల్లీలో రైల్వే బోర్డుకు ప్రశ్న అందుతుంది. బోర్డు జోన్‌ను అడుగుతుంది. జోన్ డివిజన్‌ను అడుగుతుంది. డివిజన్‌లో గుమస్తా రిజిస్టరు తెరుస్తాడు. "అన్ని పనులూ పక్కన పడీసీవోరు. రాత్రి ఎనిమిదైనా లైట్లు ఆరీవి కావు." అంటే మనవరాలు రాస్తున్న ఈ ప్రశ్న ఢిల్లీ దాకా వెళ్ళి, మళ్ళీ ఇదే ఊరికి, ఈ ఇంటికి ఆటోలో వెళ్ళేంత దూరంలో ఉన్న ఆఫీసుకే జవాబు కోసం వస్తుంది. అక్కడి అధికారిని ఈమె నేరుగా వెళ్ళి అడిగితే చెప్పాల్సిన పని లేదు. సభ్యుడి పేరు మీద అడిగితే చెప్పి తీరాలి. సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం అని వాయిదా వేసినా, అది హామీ కింద నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. ఆ కమిటీ 1953 నుంచి ఉంది.

ఈ పట్టాల మీద పనిచేసినవాళ్ళ తరఫున కేంద్ర శాసనసభలో మొదట గట్టిగా మాట్లాడిన వాళ్ళలో వి.వి.గిరి ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన ఆయనే 1934లో ఆ సభకు ఎన్నికయ్యారు. పెద్దాయనకు ఆ పేరు తండ్రి చెప్పగా తెలుసు.

"ఇప్పుడు సదువు," అంటాడు.

ఆమె చదువుతుంది. "ఎ: బిలాస్‌పూర్ డివిజన్‌లో కవచ్ అమర్చిన కిలోమీటర్లు ఎన్ని..."

"రూట్ కిలోమీటర్లు అని రాయి. ఉత్త కిలోమీటర్లంటే రెండో లైనూ మూడో లైనూ కలిపి చెప్పీస్తారు. అమర్చిన అనొద్దు. కేబుల్ వేసినా, టవర్ నిలబెట్టినా అమర్చినట్టే లెక్క చెప్తారు. పనిచేస్తున్న అని రాయి."

ఆమె దిద్దుతుంది. బి: గేవ్రా రోడ్, బిలాస్‌పూర్ మధ్య ఈ పనికి టెండరు ఏ తేదీన ఖరారైంది, పూర్తి చేయాల్సిన తేదీ ఏది. సి: గత అయిదేళ్ళలో ఈ డివిజన్‌లో ఎర్ర సిగ్నల్ దాటిన ఘటనలు ఏడాదివారీగా ఎన్ని. డి: మంజూరైన లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని. ఇ: 2022 ఏప్రిల్ నుంచి రద్దయిన ప్యాసింజర్, మెమూ ట్రిప్పులు నెలవారీగా ఎన్ని.

"అయిదోది తీసీ. దానికి వేరే ప్రశ్న రాయి. అన్నీ ఒకదాంట్లో కుక్కితే నాలుగిటికి చెప్పి అయిదోది మింగీస్తారు."

ఆమె కొత్త పేజీ తిప్పి బళ్ళ రద్దుకు విడిగా ప్రశ్న మొదలుపెడుతుంది. జనవరి నెలాఖరులో బడ్జెట్ సమావేశాలు మొదలవుతాయి. నోటీసు జవాబు రోజుకు కనీసం 15 రోజుల ముందు అందాలి. వచ్చిన నోటీసుల్లోంచి బ్యాలెట్ తీస్తారు కాబట్టి ఇది జాబితాలోకి ఎక్కుతుందన్న భరోసా లేదు. అందుకే ఇదే పాఠం మరో కాపీ రాసి రాజ్యసభ సభ్యుడికి కూడా పంపాలనుకుంటున్నారు. అక్కడ రైల్వేకు శుక్రవారం. మాటలు లెక్కపెట్టమని నోట్‌బుక్ మీ చేతికి ఇస్తుంది. మీరు వేలు పెట్టి లెక్కపెడతారు. 150 లోపే ఉన్నాయి. సి దగ్గర ఆమె పెన్ను మళ్ళీ ఆగుతుంది. ఘటనలు ఎన్ని అన్న చోట, ఒక్కోదాని తేదీ, సెక్షన్ పేరుతో సహా అని చేర్చమంటాడు పెద్దాయన.