'గ్యాస్' అను మాట

హాలండు దేశపు ఇళ్లలో ప్రతిదినము వినవచ్చు చిన్న మాటలలో 'గ్యాస్' ఒకటి. డచ్చివారు దానిని మనవలె పలుకరు. మొదటి అక్షరమును గొంతులో ఒరసి, 'ఖాస్'కు దగ్గరగా పలుకుదురు. ఈ మాట పుట్టుకకు ఆ ఉచ్చారణమే ఆధారము.

మాటలను ఎవరు పుట్టించినదీ సాధారణముగా తెలియదు. ఈ మాటకు మాత్రము కర్త ఉన్నాడు. అతడు బ్రస్సెల్సులో పుట్టిన వైద్యుడు, యాన్ బాప్టిస్టా వాన్ హెల్మాంట్. 62 పౌనుల ఓకు బొగ్గును కాల్చగా ఒక్క పౌను బూడిద మిగులునని అతడు లెక్క వేసినాడు. తక్కిన 61 పౌనులు ఏమైనవి? కంటికి కానరాని పదార్థముగా మారి వెడలిపోయినవని అతడు తలచినాడు. మూసిన పాత్రను సైతము పగులగొట్టుకొని వచ్చు ఆ పదార్థము మామూలు గాలి కాదు, నీటి ఆవిరియు కాదు. దానికి పేరు లేదు. కనుక, సృష్టికి ముందున్న రూపములేని స్థితిని తెలుపు 'ఖాయోస్' అను గ్రీకు మాటనుండి 'గ్యాస్' అని పేరు పెట్టినాడు. డచ్చి నోట రెండింటి తొలి ధ్వనియు ఇంచుమించు ఒక్కటే. అతడు 1644లో మరణించగా, ఈ మాటగల గ్రంథమును కుమారుడు 1648లో ఆమ్‌స్టర్‌డాములో ప్రకటించినాడు.

చాలకాలము ఈ మాటను పండితులు అంతగా పట్టించుకొనలేదు. ప్రీస్ట్లీ వంటివారు 'గాలి' అనియే వ్రాసిరి. లవోయిజే 1789 నాటి తన గ్రంథములో వాడిన పిమ్మట అది శాస్త్రమున స్థిరపడినది. 19వ శతాబ్దములో బొగ్గువాయువు దీపములతో ఇళ్లకు చేరినది. 1959లో గ్రోనింగెన్ ప్రాంతమున సహజవాయువు బయటపడిన తరువాత హాలండులో దాదాపు ప్రతి వంటింటి మాట అయినది.

హెల్మాంటే మరొక ప్రయోగమును చేసినాడు. తొట్టిలో 200 పౌనుల ఎండు మట్టి పోసి, 5 పౌనుల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రమే పోసినాడు. చెట్టు 169 పౌనులకు పైగా తూగినది. మట్టి తగ్గినది సుమారు 2 ఔన్సులే. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని అతడు నిర్ణయించినాడు.

బొగ్గునుండి వెడలినదానిని నేడు మనము బొగ్గుపులుసు వాయువు అందుము. గాలిలోని ఆ వాయువే విల్లో ఆకులలో ప్రవేశించుచున్నదని అతనికి తట్టలేదు. చెట్టు బరువునకు నీరును, ఆ వాయువును రెండును కారణములని 1804లో సస్యూర్ తూచి చూపినాడు. ఓకు చెట్టు ఒకనాడు ఆకులతో గ్రహించిన కర్బనమే, బొగ్గు కాలినపుడు తిరిగి గాలిలో కలిసినది.

పేరు పెట్టుటతో పదార్థము మన దృష్టికి వచ్చును. దానిని పూర్తిగా తెలిసికొనుటకు మాత్రము మరి నూటయేబది ఏండ్లు పట్టినది.